గంట ఆటకు ఇంత టికెట్టా? ఇండోర్ ప్లే జోన్ ధరల వెనక ఉన్న లెక్క

క్లుప్తంగా

పిల్లల ఇండోర్ ప్లే జోన్లలో టికెట్ ధరలు పెరగడానికి ఏదో ఒక్క ఖర్చు కారణం కాదు. అద్దె, జీతాలు, కరెంటు, బీమా నెల పొడుగునా నడుస్తూనే ఉంటాయి. జనం మాత్రం వారంలో కొద్ది గంటలే వస్తారు. ఆ కొద్ది గంటల టికెట్టే మిగతా ఖాళీ గంటల ఖర్చునూ మోయాలి. అందుకే ఏ ఖర్చు కాస్త పెరిగినా టికెట్ మీద అది పెద్దగా కనిపిస్తుంది. ఈ భారం అన్ని ఇళ్ల మీదా ఒకేలా పడదు. ఇద్దరు ముగ్గురు పిల్లలున్నవారికి, దగ్గర్లో పార్కు లేనివారికి ఎక్కువ తగులుతుంది.

వారంలో నిండే గంటలెన్ని?

ఆదివారం సాయంత్రం ప్లే జోన్‌కు వెళ్లినవాళ్లకు కనిపించేది కిక్కిరిసిన హాలు. జారుడు బల్ల దగ్గర వరస, ప్లాస్టిక్ బంతులు నింపిన గుంటలో, అంటే బాల్ పిట్‌లో, కాలు పెట్టే చోటు లేదు, కూర్చుందామంటే కుర్చీ ఖాళీ లేదు. ఇంతమంది ఇంతింత కడుతుంటే యజమానికి బాగా మిగులుతూ ఉండాలి కదా అనిపించడం సహజం. అదే హాలు మంగళవారం ఉదయం పదకొండు గంటలకు ఎలా ఉంటుందో చూసే అవకాశం చాలామంది తల్లిదండ్రులకు రాదు. ధరల చిక్కుముడి మొదలయ్యేది అక్కడే.

ఒక ఊహా లెక్క చూద్దాం. ఒక ప్లే జోన్ రోజుకు 10 గంటల చొప్పున నెలకు 300 గంటలు తెరిచి ఉంటుంది. బడి ఉన్న రోజుల్లో బడి ఈడు పిల్లలు పగలు రారు. హాలు నిజంగా నిండేది శని, ఆదివారాల్లో, అదీ రోజుకు ఆరు గంటలు అనుకుందాం. నెలలో అలాంటి రోజులు 8 ఉంటే మొత్తం 48 గంటలు. అప్పుడు గంటకు 40 మంది పిల్లలుంటారు. వారాంతంలో మిగిలిన 32 గంటల్లో గంటకు 10 మంది, మామూలు రోజుల 220 గంటల్లో సగటున నలుగురు వస్తారనుకుందాం.

ఒక పిల్ల ఒక గంట ఆడితే దాన్ని ఒక పిల్లల గంట అందాం. అన్నీ కలిపితే నెలకు 3,120 పిల్లల గంటలు. అందులో 1,920 ఆ 48 గంటల్లోనే వచ్చాయి. అంటే తెరిచి ఉంచిన సమయంలో 16 శాతం మొత్తం ఆటలో 60 శాతానికి పైగా తెచ్చింది. ప్రతి గంటా నిండి ఉంటే 12,000 పిల్లల గంటలు వచ్చేవి. నిజంగా వచ్చింది అందులో దాదాపు నాలుగో వంతే కాబట్టి, ఒక్కో పిల్లవాడి గంట మీద పడే స్థిర ఖర్చు దాదాపు నాలుగు రెట్లు అవుతుంది.

ఈ అంకెలు ఏ ఒక్క కేంద్రానివీ కావు. చోటును బట్టి, సెలవులను బట్టి మారతాయి. కానీ లెక్క తీరు మాత్రం అంతటా ఇదే. సినిమా హాలుకూ విమానానికీ ఖాళీ సీట్ల బాధ ఉంది. అయితే సినిమా రాత్రి పది గంటలకైనా ఆడుతుంది, విమానం తెల్లవారుజామునైనా ఎగురుతుంది. నాలుగేళ్ల పిల్లను ఆ వేళల్లో ఎవరూ ఆటకు తీసుకురారు. పిల్లల నిద్ర, బడి, పెద్దవాళ్ల ఉద్యోగం, ఈ మూడూ కలిసి సమయాన్ని బాగా కుదించేస్తాయి. ఆ కుదింపు ఖరీదు టికెట్‌లో ఉంటుంది.

ఇందులోనే ఒక విషవలయం కూడా ఉంది. ధర పెరిగిందని ఒక కుటుంబం నెలకు నాలుగుసార్లు వెళ్లేది మూడుసార్లకు తగ్గించుకుందనుకుందాం. అందరూ అలాగే చేస్తే రాకపోకలు 25 శాతం తగ్గుతాయి. అద్దె తగ్గదు, కరెంటు దాదాపు తగ్గదు. అదే ఖర్చును తక్కువమందికి పంచితే ఒక్కో రాకకు పడే వాటా మూడో వంతు పెరుగుతుంది. దాన్ని కూడగట్టుకోవడానికి మళ్లీ టికెట్ పెంచితే ఇంకొందరు మానేస్తారు. కొన్ని కేంద్రాలు చూస్తుండగానే ధర పెంచి, ఆ తర్వాత మూతపడడం వెనక తరచూ ఉండే వరస ఇది.

ఎత్తుకు కూడా అద్దె

బట్టల దుకాణం చదరపు మీటరు స్థలంలో ఎంత సరుకు పెడితే అంత అమ్ముకోవచ్చు. ప్లే జోన్ అమ్మేది ఖాళీని. పిల్లలు పరిగెత్తడానికి, దూకడానికి, జారడానికి వదిలిన జాగానే దాని సరుకు. రెండు మూడు అంతస్తుల ఆట నిర్మాణం పెట్టాలంటే పైకప్పు ఎత్తుగా ఉండాలి, మధ్యలో స్తంభాలు తక్కువగా ఉండాలి, బయటికి పోయే దారులు వెడల్పుగా ఉండాలి. అలాంటి భవనాలు ఊళ్లో ఎక్కడ పడితే అక్కడ దొరకవు.

దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి షాపింగ్ మాల్. అక్కడ జనం వస్తారు, కానీ అద్దె ఎక్కువ. దానికి తోడు నిర్వహణ ఛార్జీలు వేరే. రెండోది ఊరి అంచున ఉండే గోదాము లాంటి షెడ్డు. అద్దె తక్కువే, కానీ అలాంటి షెడ్ల కోసమే ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలు కూడా పోటీ పడతాయి. సరుకు నిల్వకు ఏ ఎత్తు, ఏ విశాలత కావాలో పిల్లల ఆటకూ అదే కావాలి. ఆన్‌లైన్ కొనుగోళ్లు పెరిగిన చోట ఆ అద్దెలూ పైకి వెళ్లాయి.

ఎత్తైన హాలుకు ఇంకో ఖర్చు ఉంది. చల్లబరచాల్సిన, వెచ్చబరచాల్సిన గాలి ఎక్కువ. పరిగెత్తే పిల్లల ఒంటి నుంచి వేడి, చెమట వస్తాయి. పదుల మంది ఒకే చోట ఎగురుతుంటే బయటి గాలి ఎప్పటికప్పుడు లోపలికి రావాలి. అలా వచ్చిన గాలిని మళ్లీ తగిన ఉష్ణోగ్రతకు తేవాలి. అదే విస్తీర్ణం ఉన్న ఆఫీసుతో పోలిస్తే ఇక్కడి యంత్రాల మీద పని ఎక్కువ. ఎండ మండే రోజున, చలి కొరికే రోజున, వాన వదలని రోజున జనం ఎక్కువగా వస్తారు. ఎండా చలీ ముదిరిన రోజుల్లోనే కరెంటూ ఎక్కువ కాలుతుంది.

జీతాలు: యంత్రం చేయలేని కాపలా

1960ల్లో విలియం బౌమోల్, విలియం బోవెన్ అనే అమెరికా ఆర్థికవేత్తలు సంగీత, నాటక ప్రదర్శనల ఖర్చులను పరిశీలించి ఒక సంగతి గుర్తించారు. కర్మాగారంలో యంత్రాలు వచ్చాక ఒక మనిషి గంటలో చేసే పని ఎన్నో రెట్లు పెరిగింది. నలుగురు వాయించాల్సిన సంగీతానికి మాత్రం ఈనాడూ నలుగురే కావాలి, అంతే సమయం కావాలి. అయినా ఆ వాద్యకారుల జీతం మిగతా రంగాలతో పాటు పెరగక తప్పదు, లేకపోతే వాళ్లు వేరే పనికి వెళ్లిపోతారు. పని పెరగకుండా జీతం పెరిగితే ఆ సేవ ధర పెరుగుతుంది. దీన్నే ఆర్థికశాస్త్రంలో బౌమోల్ వ్యయ రుగ్మత అంటారు.

ప్లే జోన్ అచ్చంగా ఈ కోవలోకే వస్తుంది. జారుడు బల్ల పైన నిలబడి ఒకరి తర్వాత ఒకరిని వదిలే మనిషి గంటకు ఎంతమందిని చూడగలరో ముప్పై ఏళ్ల కిందటా అంతే, ఇప్పుడూ అంతే. కెమెరాలు పెట్టొచ్చు, టికెట్లు ఫోన్‌లో అమ్మొచ్చు. దాంతో కౌంటర్ దగ్గర ఒకరు తగ్గుతారేమో. కానీ పైన చిక్కుకుని ఏడుస్తున్న మూడేళ్ల పిల్లను కిందికి దించాల్సింది మనిషే. వాంతి చేసుకున్న చోటును శుభ్రం చేయాల్సిందీ మనిషే.

ఒకటి మాత్రం చెప్పుకోవాలి. ఈ పని చేసేవారి జీతం చాలాచోట్ల కనీస వేతనానికి దగ్గర్లోనే ఉంటుంది. కాబట్టి కనీస వేతనం పెరిగినప్పుడల్లా ఈ రంగం మీద ప్రభావం వెంటనే కనిపిస్తుంది. దాన్ని సిబ్బంది తప్పుగా చూడడం న్యాయం కాదు. పిల్లల భద్రతను చూసుకునే మనిషికి బతకగలిగేంత జీతం ఇవ్వడం ఈ సేవ అసలు ఖరీదులో భాగమే. ఇన్నాళ్లూ టికెట్ చవగ్గా ఉన్న చోట ఆ చౌకదనంలో కొంత వాళ్ల జేబు నుంచి వచ్చిందే.

బీమా, ప్రమాణాలు

టికెట్‌లో అన్నిటికన్నా తక్కువగా కనిపించే ఖర్చు బీమా. పిల్లలు ఆడే చోట దెబ్బలు తగులుతాయి. ఎక్కువ భాగం చిన్నవే. కానీ ఒక చెయ్యి విరిగిన కేసు పరిహారం దాకా వెళితే ఆ కేంద్రం ఏడాది ప్రీమియం కంటే చెల్లింపే ఎక్కువ కావొచ్చు. అందుకే బీమా కంపెనీ ఒక్క కేంద్రం చరిత్రనే చూడదు, ఆ రకం వ్యాపారం మొత్తాన్ని చూస్తుంది. ఎక్కడో ఒక చోట పెద్ద పరిహారం చెల్లించాల్సి వస్తే ఆ ప్రభావం ఏ ప్రమాదమూ జరగని కేంద్రం ప్రీమియం మీదా పడుతుంది. ఈ రంగానికి బీమా ఇచ్చే కంపెనీలు కొద్దిగా ఉన్న చోట, వాటిలో ఒకటి తప్పుకున్నా మిగిలినవి అడిగిందే ధర.

ట్రాంపొలిన్లు, అంటే స్ప్రింగులతో బిగించిన ఎగిరే పరుపులు, వచ్చాక ఇది ఇంకా బరువైంది. ఒకే ట్రాంపొలిన్ మీద ఇద్దరు ముగ్గురు ఒకేసారి దూకినప్పుడే గాయాలు ఎక్కువ. అందులోనూ బరువు తక్కువున్న పిల్లకే ముప్పు ఎక్కువ, ఎందుకంటే పెద్దవాడు దిగినప్పుడు పుట్టే శక్తి చిన్నదాన్ని విసిరేస్తుంది. దీన్ని ఆపాలంటే నియమం రాసి గోడకు అంటిస్తే సరిపోదు, పక్కన మనిషి ఉండాలి. అలా బీమా ఖర్చూ జీతం ఖర్చూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

నిర్మాణాలకు ప్రమాణాలు కూడా ఉన్నాయి. ఐరోపాలో ఆట పరికరాలకు ఈఎన్ 1176 అనే ప్రమాణం ఉంది. అందులో పదో భాగం పూర్తిగా మూసి ఉండే ఆట నిర్మాణాల గురించే. అమెరికాలో మెత్తటి ప్లే నిర్మాణాలకు ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఎఫ్1918, ట్రాంపొలిన్ కోర్టులకు ఎఫ్2970 ఉన్నాయి. తల ఇరుక్కునే సందులు ఉండకూడదు, పడే చోట దెబ్బను పీల్చుకునే పొర ఉండాలి, వల తాళ్లు మెడకు చుట్టుకోకూడదు, పెద్దవాళ్లు లోపలికి వెళ్లి పిల్లను బయటికి తేగలగాలి. ఇలాంటివన్నీ పాటించాలంటే కొనేటప్పుడే ఎక్కువ పెట్టాలి, ఆ తర్వాత క్రమం తప్పకుండా తనిఖీ చేయించాలి. ఈ ఖర్చు మిగిల్చుకోవడానికి కొన్ని కేంద్రాలు తనిఖీనే వాయిదా వేస్తాయి. టికెట్ చవకైనంత మాత్రాన అది కుటుంబానికి లాభం అనుకోలేం.

నురుగు, ప్లాస్టిక్, పాతిక వేల బంతులు

మెత్తటి నిర్మాణంలో లోపల ఉండేది పాలీయురేతేన్ నురుగు, పైన పీవీసీ తొడుగు. రెండూ పెట్రోలియం నుంచి పుట్టినవే. లోపల ఇనుప పైపులు, చుట్టూ వలలు. బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ కాబట్టి ఓడలో తెప్పించుకోవాలంటే రవాణా ఛార్జీ సరుకు ధరలో పెద్ద వాటా తీసుకుంటుంది. 2021లో కంటైనర్ రవాణా ఛార్జీలు అంతకుముందుకన్నా ఎన్నో రెట్లు పెరిగినప్పుడు ఇలాంటి సరుకుకే దెబ్బ గట్టిగా తగిలింది. తర్వాత ఛార్జీలు దిగివచ్చినా, ఆ రోజుల్లో అప్పు చేసి కొన్న కేంద్రం వాయిదాలు అప్పటి ధరకే కడుతూ ఉంటుంది.

తొడుగులు చిరుగుతాయి, నురుగు అణిగిపోతుంది, వలలు సాగుతాయి. కొన్నేళ్లకోసారి చాలా భాగం మార్చక తప్పదు.

బాల్ పిట్ సంగతి విడిగా చెప్పుకోవాలి. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు ఉన్న గుంటను ఏడు సెంటీమీటర్ల బంతులతో నింపాలంటే పాతిక వేలకు పైగా బంతులు కావాలి. వాటిని కడగడమంటే మొత్తం ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి మళ్లీ నింపడం. చేత్తో చేస్తే రోజంతా పట్టే పని. అమెరికాలో ఫిజియోథెరపీ క్లినిక్‌లలోని ఆరు బాల్ పిట్‌లను పరీక్షించి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో చెప్పుకోదగ్గ స్థాయిలో బ్యాక్టీరియా కనిపించింది. ఏ పిట్‌లో ఎంత అన్నదాంట్లో కూడా చాలా తేడా ఉంది. శుభ్రం చేయడానికి మధ్య రోజులు, వారాలు గడుస్తున్నాయని కూడా అందులో తేలింది. కడిగే యంత్రాలు వచ్చాయి, కానీ అవీ ఖర్చే. కొన్ని కొత్త కేంద్రాలు బాల్ పిట్‌ను పూర్తిగా మానేయడానికి ఇదొక కారణం.

చవగ్గా ఉన్న రోజుల్లోనూ నిలదొక్కుకోలేదు

మెత్తటి ఆటస్థలాల చరిత్ర మరీ పాతదేమీ కాదు. బ్రిటన్‌లో పుట్టిన డిజైనర్ ఎరిక్ మెక్‌మిలన్ 1972లో కెనడాలోని టొరంటోలో ఒక పిల్లల గ్రామాన్ని రూపొందించారు. 1976లో అమెరికాలోని శాన్ డియెగో సీ వరల్డ్‌లో బాల్ పిట్ వచ్చింది. ఆయన్ను సాఫ్ట్ ప్లే పితామహుడని పిలుస్తారు. అప్పట్లో ఇవి పెద్ద పార్కుల్లో ఒక భాగం. ఆటకే ప్రత్యేకంగా మూసిన హాలు కట్టి, టికెట్ పెట్టి, ఊరూరా శాఖలు తెరిచే వ్యాపారం ఆ తర్వాత వచ్చింది.

అమెరికాలో 1989లో మొదలైన డిస్కవరీ జోన్ అలాంటిదే. కొన్నేళ్లలోనే వందల కేంద్రాలకు విస్తరించింది. 1996లో దివాలా రక్షణ కోరింది. ఆ కంపెనీ కష్టాలకు అతివేగంగా విస్తరించడం ఒక ముఖ్య కారణం. అయితే దాని కథలో నేటి లెక్కకు పనికొచ్చే అంశం ఒకటుంది. పిల్లలు తొందరగా పెరుగుతారు. మెత్తటి నిర్మాణాలు నచ్చే వయసు కొన్నేళ్లే ఉంటుంది. కాబట్టి ప్లే జోన్ కొన్నేళ్లకోసారి దాదాపు కొత్త ఖాతాదారులనే వెతుక్కోవాలి. వయసు పరిధి పెంచుకోవడానికి ట్రాంపొలిన్, గోడ ఎక్కే ఆట, వీడియో గేములు చేరుస్తారు. చేర్చిన ప్రతిదానికీ పెట్టుబడి, బీమా, మనిషి కావాలి.

2020లో కరోనాతో ఈ రంగం మీద మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. పిల్లలు గుమిగూడి, ఒకే వస్తువును పదిమంది ముట్టుకునే చోటు కాబట్టి చాలా దేశాల్లో మొదట మూసినవాటిలో, చివరగా తెరిచినవాటిలో ప్లే జోన్లు ఉన్నాయి. అద్దె బకాయిలు, అప్పులు మిగిలాయి. 2022 నుంచి చాలా దేశాల కేంద్ర బ్యాంకులు వడ్డీ రేట్లు పెంచడంతో ఆ అప్పు ఇంకా బరువైంది. కొన్ని కేంద్రాలు మూతపడ్డ చోట, మిగిలినవాటికి పోటీ తగ్గింది. ఇక్కడ ధర పెరగడానికి రెండు కారణాలు కలిసిపోయాయి: ఖర్చు పెరగడం ఒకటి, పక్కన ఇంకో కేంద్రం లేకపోవడం రెండోది. ఏది ఎంత అని బయటి నుంచి విడదీసి చెప్పడం కష్టం. ఒక్కటే కేంద్రం ఉన్న ఊళ్లో మాత్రం రెండోదాన్ని కొట్టిపారేయలేం.

టికెట్ ఒకటే, వసూళ్లు నాలుగు

బోర్డు మీద రాసిన ధరకూ ఇంటికి వచ్చాక లెక్క చూసుకున్న ఖర్చుకూ తేడా ఎందుకు వస్తుందన్నది చాలామంది తల్లిదండ్రుల అసలు ఫిర్యాదు. పిల్లల టికెట్, వెంట వచ్చిన పెద్దవారి టికెట్, గ్రిప్ సాక్స్ (కాలు జారని మేజోళ్లు), లాకర్, ఆన్‌లైన్ బుకింగ్ ఫీజు, గంట దాటితే అదనపు ఛార్జీ, బయటి తినుబండారాలు తేకూడదన్న నియమం వల్ల లోపల కొన్న చిరుతిళ్లు. అన్నీ కలిసి ఖర్చు తడిసి మోపెడవుతుంది.

దీని వెనక పాత ఆర్థిక సూత్రం ఉంది. లోపలికి రావడానికి ఒక రుసుము, లోపల వాడుకునేదానికి మరో ధర పెట్టే పద్ధతిని వాల్టర్ ఓయ్ అనే ఆర్థికవేత్త 1971లో డిస్నీల్యాండ్‌ను ఉదాహరణగా తీసుకుని విశ్లేషించారు. ప్రవేశ రుసుము ఎక్కువ పెట్టి లోపలివి చవగ్గా ఇవ్వాలా, లేక ప్రవేశం చవగ్గా పెట్టి లోపల వసూలు చేయాలా అన్నది ఆ వ్యాపారి ముందున్న ప్రశ్న. డిస్నీల్యాండ్ మొదట్లో ఒక్కో ఆటకు కూపన్ తీసుకునేది. 1982లో కూపన్లు తీసేసి ఒకే టికెట్‌కు మారింది.

ప్లే జోన్లు చాలావరకు రెండు పద్ధతుల మధ్య ఊగుతుంటాయి. ఫోన్‌లో వెతికే తల్లిదండ్రులకు మొదట కనిపించేది ప్రవేశ ధర. పక్క కేంద్రంతో పోల్చేదీ దాన్నే. కాబట్టి దాన్ని అదుపులో ఉంచి, పోల్చడం కష్టమైన చోట వసూలు చేయడం వ్యాపారానికి సులువు. గ్రిప్ సాక్స్‌కు నిజంగానే ఉపయోగం ఉంది, కాలు జారదు, మురికి తగ్గుతుంది. కానీ ఇంట్లో ఉన్న జతను అనుమతించకుండా ప్రతిసారీ కొత్తది కొనమంటే అది భద్రత కోసం కాదు, ఆదాయం కోసమే.

పెద్దవాళ్ల టికెట్ మీద వచ్చే కోపం కూడా అర్థం చేసుకోదగ్గదే. వాళ్లు ఆడరు, ఒక కుర్చీలో కూర్చుంటారు. అయినా హాలులో ఒకేసారి ఎంతమంది ఉండొచ్చన్న పరిమితి అగ్నిప్రమాద నియమాల వల్ల ఉంటుంది, ఆ లెక్కలో పెద్దవాళ్లూ వస్తారు. రద్దీ గంటల్లో ఒక పిల్లకు ముగ్గురు పెద్దలు వస్తే ఆ మేరకు పిల్లల టికెట్లు తగ్గుతాయి. మొదటి పెద్ద మనిషికి ఉచితం, రెండో వారి నుంచి టికెట్ అనే పద్ధతి దీనికి ఒక మధ్యే మార్గం. పసిపిల్లను ఒంటరిగా వదలకూడదని నియమం పెట్టి, వెంట ఉండాల్సిన ఆ ఒక్కరి దగ్గరా డబ్బు తీసుకోవడం మాత్రం సమర్థించడం కష్టం.

ఇక బర్త్‌డే పార్టీలు. చన్నీళ్లకు వేన్నీళ్లలా ఇవి రోజువారీ టికెట్లకు తోడవుతాయి. ముందే డబ్బు వస్తుంది, ఎంతమంది వస్తారో తెలుస్తుంది, తిండి, అలంకరణ కలిపి ప్యాకేజీ అమ్మొచ్చు. కొన్ని కేంద్రాలు శని, ఆదివారం సాయంత్రాలను పార్టీలకే ఎక్కువగా కేటాయిస్తాయి. అప్పుడు మామూలు టికెట్‌తో వచ్చేవారికి మిగిలే చోటు తగ్గుతుంది, ఆ చోటు ధర పెరుగుతుంది.

మెంబర్‌షిప్‌ది ఇంకో లెక్క. నెల పాస్ ధర మూడు టికెట్లతో సమానమైతే నాలుగోసారి నుంచే లాభం. మొదటి నెల ఉత్సాహంగా నాలుగైదుసార్లు వెళ్లి, మూడో నెలకు ఒకసారికి దిగిపోయే ఇళ్లు ఎన్నో. వాడని రోజుల డబ్బు కేంద్రానికి స్థిర ఆదాయం. మామూలు రోజుల్లో ఇంటి పట్టున ఉండే చిన్న పిల్లల తల్లికి ఈ పాస్ నిజంగా మేలు చేస్తుంది. వారాంతం మాత్రమే వీలయ్యే ఉద్యోగస్తులకు లెక్క కుదరడం కష్టం, పైగా కొన్ని పాస్‌లు వారాంతంలో చెల్లవు.

ఇంత ధరైనా ఎందుకు వెళ్తున్నారు?

ధర పెరిగితే గిరాకీ తగ్గాలి. కొంత తగ్గుతోంది కూడా. కానీ అనుకున్నంతగా తగ్గకపోవడానికి కారణం, చాలా ఇళ్లకు దీనికి బదులుగా ఏం ఉందన్న ప్రశ్నలో ఉంది. అపార్ట్‌మెంట్లలో పెరటి జాగా లేదు. వీధిలో బండ్ల భయం. ఎండలు, పొగ, వానలు కొన్ని నెలల పాటు బయటి ఆటను ఆపేస్తాయి. ఉచిత పార్కు ఉన్నా, అది నడిచి వెళ్లే దూరంలో, నీడతో, మరుగుదొడ్డితో ఉండాలి. ఈ మూడింటిలో ఒకటి లేకపోయినా రెండేళ్ల పిల్లతో అక్కడ గంటసేపు గడపడం కష్టం. ప్లే జోన్ అమ్మేది ఆటతో పాటు శుభ్రమైన మరుగుదొడ్డి, తలుపు మూసిన భద్రత, పెద్దవాళ్లకు కాసేపు కూర్చునే వీలు.

కుటుంబాలు చిన్నవవుతున్న కొద్దీ ఒక్కో పిల్ల మీద పెట్టే ఖర్చు పెరుగుతుందన్నది చాలా దేశాల్లో కనిపించే ధోరణి. ఒక్కరే పిల్ల ఉన్న ఇంట్లో ఆడుకోవడానికి తోడు కావాలంటే తోడు ఉన్న చోటికి వెళ్లాలి. ఒకప్పుడు వీధిలో ఉచితంగా దొరికిన తోడు ఇప్పుడు టికెట్‌లో భాగమైంది.

అవసరం ఎంతో చెప్పడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ఒకటుంది. 2019లో అది ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజుకు కనీసం 180 నిమిషాల శారీరక కదలిక కావాలి, అందులో కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట ఉండాలి. 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాలు కావాలని 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇది ప్రతిరోజూ కావాల్సింది. వారానికి ఒక గంట టికెట్ నాలుగేళ్ల పిల్లకు వారం మొత్తం కావాల్సిన 21 గంటల్లో ఒక్క గంటే. కాబట్టి ప్లే జోన్ ఎంత మంచిదైనా రోజువారీ ఆట స్థలానికి ప్రత్యామ్నాయం కాలేదు. దాని ధర గురించిన చర్చలో ఈ సంగతి తరచూ పక్కకు పోతోంది.

ఎవరి మీద ఎంత పడుతుంది?

టికెట్ తలకు ఇంత అని ఉంటుంది. ఒక పిల్ల ఉన్న ఇంటికీ ముగ్గురున్న ఇంటికీ ఆదాయం ఒకటే అయినా రెండో ఇంటి ఖర్చు మూడు రెట్లు. తోబుట్టువులకు తగ్గింపు ఇచ్చే కేంద్రాలు ఉన్నాయి. కేంద్రం వైపు నుంచి చూస్తే ఖాళీ గంటల్లో మూడో పిల్ల వల్ల పెరిగే ఖర్చు దాదాపు శూన్యం. కాబట్టి ఆ తగ్గింపు ఇవ్వడం వాళ్లకూ నష్టం కాదు. రద్దీ గంటల్లో మాత్రం మూడో పిల్ల ఇంకొకరి చోటు తీసుకుంటుంది కాబట్టి అప్పుడు ఇవ్వడానికి వెనకాడతారు.

శబ్దం, గుంపు భరించలేని పిల్లల విషయం ఇంకా సున్నితం. ఆటిజం ఉన్న పిల్లల కోసం కొన్ని కేంద్రాలు సంగీతం ఆపి, లైట్లు తగ్గించి, కొద్దిమందినే అనుమతించే ప్రత్యేక వేళలు పెడతాయి. తక్కువమంది అంటే తక్కువ ఆదాయం. ఖర్చులు బిగిసినప్పుడు మొదట ఎత్తేసేవి ఇలాంటి వేళలే కావొచ్చు. ఆ పిల్లలకు వేరే చోటు దొరకడం మిగతావారికన్నా చాలా కష్టం. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒప్పందంలో 31వ అధికరణ ప్రతి బిడ్డకూ విశ్రాంతి, ఆట హక్కు ఉందని చెబుతుంది. అయితే ఆ బాధ్యత ప్రభుత్వాలది. నష్టంలో నడుస్తున్న ఒక చిన్న వ్యాపారి దాన్ని మోయాలని ఆశించడం సరికాదు, మోయలేరు కూడా.

ఇక ముందు

రెండు దిశలు కనిపిస్తున్నాయి. మొదటిది, గంటను బట్టి ధర మార్చడం. మంగళవారం ఉదయం చవక, ఆదివారం సాయంత్రం ఖరీదు. ఖాళీ గంటలు కొంత నిండుతాయి, మొత్తం మీద సగటు ధర తగ్గే అవకాశమూ ఉంది. కానీ వేళ ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నవారికే ఆ లాభం. సెలవు రోజు తప్ప కదలలేని కూలీ, షాపు ఉద్యోగి కుటుంబాలకు ఇది ధర పెరగడమే.

రెండోది, చిన్న కేంద్రాలు. పెద్ద హాలు, ట్రాంపొలిన్లు లేకుండా ఐదేళ్లలోపు పిల్లలకే పరిమితమైన గది, పక్కనే పెద్దలు కూర్చునే కేఫ్. ఎత్తు అక్కర్లేదు, బీమా తక్కువ, ఒకరిద్దరు సిబ్బందితో నడుస్తుంది. బడికి వెళ్లని వయసు పిల్లలే కాబట్టి మామూలు రోజుల ఉదయాలూ కొంత నిండుతాయి. మొదట చెప్పుకున్న ఖాళీ గంటల సమస్యకు దగ్గరగా వచ్చే పరిష్కారం ఇదే, కానీ ఎనిమిదేళ్ల అన్నకు అక్కడ పని లేదు.

ఈ రెండూ ప్లే జోన్ లోపలి మార్పులు. బయట ఇంకో అవకాశం ఉంది, దాని మీద చర్చ తక్కువ. ప్లే జోన్ కిక్కిరిసి ఉండే శని, ఆదివారాల్లో బడి హాళ్లు, కమ్యూనిటీ హాళ్లు చాలావరకు తాళం వేసి ఉంటాయి. బడి నడిచే వేళల్లో ప్లే జోన్ ఖాళీగా ఉంటుంది. ఒకదాని ఖాళీ సరిగ్గా రెండోదాని రద్దీ. బడి హాలులో పరుపులు, మడతపెట్టే జారుడు బల్లలు, బంతులు పెట్టి వారాంతంలో రెండు గంటలు తెరిస్తే భవనం ఖర్చు కొత్తగా పుట్టదు, అది ఎలాగూ ఉన్నదే. మరోవైపు బడులు, శిశు కేంద్రాలు మంగళ, బుధవారాల ఉదయాల్లో ప్లే జోన్‌ను తక్కువ ధరకు మాట్లాడుకుంటే యజమానికి ఖాళీ గంటల నుంచి కాస్త ఆదాయం, టికెట్ కొనలేని ఇళ్ల పిల్లలకు ఆట.

దీనికి అడ్డం వచ్చేవి చిన్నవిగా కనిపించే ప్రశ్నలే. తాళం ఎవరి దగ్గర ఉండాలి, ఆట అయ్యాక హాలు ఎవరు ఊడవాలి, ఎవరికైనా దెబ్బ తగిలితే ఎవరి బీమా వర్తిస్తుంది. మొదటి రెండూ ఒక మనిషికి రెండు గంటల జీతంతో తేలిపోతాయి. మూడోదాన్ని ఒక్కో బడి విడిగా తేల్చుకోవాలంటే ప్రీమియం చూసే వెనక్కి తగ్గుతుంది. ఒక ఊరిలోని హాళ్లన్నిటినీ కలిపి స్థానిక సంస్థ ఒకే పాలసీ తీసుకుంటే ఒక్కో హాలు మీద పడే వాటా చాలా తగ్గుతుంది.